రాక్షసి బొమ్మ నిలబడటం లేదా? కాలు సంగతి తర్వాత, ముందు దవడ చూడండి

ముక్కలు కలిపి కట్టే రాక్షసి సెట్లతో, అంటే డ్రాగన్లు, డైనోసార్లు, సముద్రపు భూతాలు, రెక్కల దయ్యాలతో వచ్చే తంటాలు నిజానికి నాలుగైదే. నడుము దగ్గర విడిపోతుంది. కాలు జారి కూలబడుతుంది. ఒక పక్కకు ఒరుగుతుంది. చెయ్యో తోకో వేలాడుతుంది. పిల్లలు బొమ్మ పట్టుకొచ్చి "అంకుల్, డ్రాగన్ నిలవడ్తలేదు" అంటారు. వెనకాల వచ్చిన పెద్దవాళ్లు మాత్రం ఏ తంటాకైనా ఒకే మాట చెబుతారు: "ప్లాస్టిక్ నాసిరకం అండీ." చాలాసార్లు ప్లాస్టిక్ బాగానే ఉంటుంది. దాన్ని తిట్టుకుంటూ అసలు చూడాల్సిన చోటు చూడరు.

ఈ సెట్ల బలమూ బలహీనతా రెండూ కీళ్లలోనే ఉన్నాయి. ఇల్లు సెట్టు కడితే కట్టిన చోటే ఉంటుంది. రాక్షసిని కట్టేదే కదిలించడానికి. నోరు తెరవాలి, రెక్కలు విప్పాలి, కాలు ముందుకు వెయ్యాలి. పిల్లలు వీటిని వదలకుండా ఆడేది అందుకే. అంత బరువునూ మోయాల్సింది కూడా ఆ చిన్న కీళ్లే.

బుక్‌లెట్ చూసి కట్టడం, ముక్కలు విరక్కుండా విడదీయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

నడుము దగ్గర విడిపోతోంది

సగం దిగిన ప్లేట్, అంటే పలచని పలక ముక్క. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే, అయినా ముందుగా ఎవరూ చూడనిదీ ఇదే. లెగోలో ఒక ప్లేట్ మందం 3.2 మిల్లీమీటర్లు. మూడు ప్లేట్లు పేరిస్తే ఒక బ్రిక్, అంటే ఇటుక ముక్క ఎత్తు, 9.6 మిల్లీమీటర్లు. ఈ లెక్క కుదిరితేనే పక్కనుంచి వచ్చి తగిలే ముక్క తన చోట్లో కూర్చుంటుంది. కింద ఎక్కడో ఒక ప్లేట్ కింది ముక్క బొడిపెల (పైన ఉండే గుండ్రటి ఉబ్బుల) మీద పూర్తిగా దిగకపోతే పైన కట్టిందంతా ఆ కాస్త ఎత్తునూ మోసుకుంటూ పోతుంది. చివరికి వీపు మీద పెట్టే పొడుగు ముక్క దగ్గర తేడా బయటపడుతుంది. అది ఊడిపోతుంటే పిల్లలు దాన్నే అదుముతారు. తప్పు దానిది కాదు, ఎప్పుడో కింద వేసిన వరసది.

పాత విజిటింగ్ కార్డు ఒకటి తీసుకుని అంచును ముక్కల మధ్య గీతల వెంబడి నడిపించండి. సరిగ్గా దిగిన చోట కార్డు జారిపోతుంది. దిగని చోట అంచు లోపలికి దూరుతుంది. అక్కడ అదమండి, కానీ మంచం మీదో సోఫా మీదో కాదు. మెత్తటి చోట మీరు పెట్టే బలం సగం పరుపే తినేస్తుంది. షాబాదు బండ మీదో టైల్స్ మీదో పెట్టి, బొటనవేలితో టక్కుమనే దాకా నొక్కండి. మిగతా ఏ రిపేరైనా ఇది అయ్యాకే. ఇది చెయ్యకుండా కాళ్లు విప్పడం మొదలుపెడితే ఒక సాయంత్రం వృథా.

కాలు జారుతోంది, నిలబెట్టిన కాసేపటికి కూలబడుతోంది

నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

బొమ్మను నిలబెడతారు. ఒక్క క్షణం నిలుస్తుంది. తర్వాత తుంటి దగ్గరో మోకాలి దగ్గరో మెల్లగా మడతపడి, ముందుకు వంగి, ముక్కు నేలకు ఆనుతుంది. ముక్కలేవీ ఊడవు, విరగవు. కీలు చూస్తే అంతా బుక్‌లెట్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే "కీలు అరిగిపోయింది" అని తేల్చేస్తారు. కొత్త సెట్టులో కీలు అంత త్వరగా ఎలా అరుగుతుంది?

కారణం కీలు లోపలి పిన్, అంటే రెండు ముక్కల రంధ్రాల్లో దూరి వాటిని కలిపే చిన్న కడ్డీ. చూడటానికి ఒకేలా ఉండే పిన్నుల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి బిగుతుగా తిరిగేది, తిప్పిన చోటే ఆగుతుంది. రెండోది వదులుగా తిరిగేది, దేన్నీ ఆపదు. కాలికి మొదటిది కావాలి. చక్రానికో, పడుతూ లేస్తూ ఉండే దవడకో రెండోది కావాలి. లెగోలో సాధారణంగా పొట్టి పిన్నుల్లో నల్లది బిగుతుది, లేత బూడిద రంగుది వదులుది. పొడుగు పిన్నుల్లో నీలం బిగుతుది, లేత గోధుమ రంగుది వదులుది. ఒక చివర గుండ్రంగా, మరో చివర ప్లస్ గుర్తులా ఉండే పిన్నులకు కూడా ఎక్కువగా ఇదే నీలం, గోధుమ లెక్క. ఇతర కంపెనీల సెట్లలో రంగుల్ని నమ్మడానికి లేదు.

రంగును నమ్మలేనప్పుడు గోరును నమ్మండి. పిన్ను తీసి, దాని ఒంటి మీద గోరు అడ్డంగా నడిపించండి. బిగుతు పిన్ మీద సన్నని గీతల్లాంటి ఉబ్బులు గోరుకు తగులుతాయి. వదులు పిన్ నున్నగా ఉంటుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే ఏదైనా ఖాళీ రంధ్రంలో దోపి వేలితో తిప్పండి. ఒకటి మొరాయిస్తుంది, మరొకటి గిర్రున తిరుగుతుంది.

ఇవి ఎప్పుడు తారుమారవుతాయో తెలిస్తే సగం పని అయినట్టే. మొదటిసారి కట్టేటప్పుడు సాధారణంగా పొరపాటు జరగదు. సంచులు ఒక్కొక్కటే విప్పుతారు, ముక్కలు తక్కువ, కొత్త బొమ్మ మీద శ్రద్ధ ఎక్కువ. పొరపాటంతా రెండో బొమ్మలో. లెగో క్రియేటర్ త్రీ ఇన్ వన్ లాంటి సెట్లలో అవే ముక్కలతో మూడు బొమ్మలు కట్టవచ్చు. పెట్టిన డబ్బుకు అదే పెద్ద లాభం, నేను కొనమని చెప్పేదీ అందుకే. కానీ మొదటి బొమ్మ విప్పాక ముక్కలన్నీ ఒకే స్టీలు డబ్బాలోకి చేరతాయి. రెండో బొమ్మ కట్టేటప్పుడు చేతికి ముందు దొరికిన పిన్ లోపలికి పోతుంది. రంధ్రంలో ఏ రకమైనా దూరుతుంది, టక్కుమంటుంది, ఊడిపోదు. కట్టేవాళ్లకు అనుమానం రావడానికి ఒక్క ఆనవాలూ ఉండదు. పైగా నల్ల ముక్కల అంచులు కనబడాలని బుక్‌లెట్‌లో వాటిని కాస్త తేలికపరిచి బూడిద రంగులో గీస్తారు. రాత్రి పసుపు బల్బు కింద కూర్చుంటే పిల్లవాడు పొరపడటం ఖాయం.

ఇక దవడ సంగతి. సెట్టులో పిన్నులు ఇంచుమించు లెక్కకు లెక్క ఉంటాయి. కాల్లో ఉండాల్సిన బిగుతు పిన్ కాల్లో లేదంటే అది ఇంకెక్కడో ఉండాలి. ఉంటే రెండే చోట్లు. ఈ బొమ్మకు అక్కర్లేక పక్కన పెట్టిన కుప్పలో, లేదా వదులుగా తిరగాల్సిన మరో కీల్లో. కాబట్టి దవడ పిన్ మీద తిరిగే బొమ్మైతే వేలితో ఎత్తి వదలండి. పడాల్సిన దవడ గాల్లోనే ఆగిపోయిందా? వెతుకుతున్న పిన్ దొరికినట్టే. కాలు జారడం, దవడ బిగుసుకోవడం వేర్వేరు జబ్బులని అనుకుని రెంటికీ విడివిడిగా వైద్యం చేస్తుంటారు. జబ్బు ఒకటే, పిన్నులు మార్చి పెట్టండి చాలు. దవడ లేని బొమ్మలో చక్రమో, తిరిగే రెక్కో, ఊగే తలో ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని తిప్పి చూడండి.

పిన్ను తీయడానికి పళ్లు వాడనివ్వకండి. పిన్ చివర నలిగితే ఆ తర్వాత ఎక్కడా సరిగ్గా కూర్చోదు. ముక్కలు విడదీసే నారింజ రంగు సెపరేటర్ ఉంటే దానికున్న చిన్న కడ్డీని అవతలి వైపునుంచి దోపి నెట్టండి. లేకపోతే ప్లస్ ఆకారపు ఇరుసు ముక్క చాలు.

బిగుతు పిన్ నిజంగానే పోయిందనుకోండి. కాలు ముక్కలో, దానికి ఎదురుగా ఒంట్లో పక్కపక్కనే రెండేసి రంధ్రాలుంటే రెండింట్లోనూ వదులు పిన్నులే పెట్టేయండి. రెండు పిన్నులు పడితే కీలు ఇక తిరగదు. భంగిమ మార్చలేరు, కానీ బొమ్మ నిలబడుతుంది. ఫెవిక్విక్ జోలికి మాత్రం పోవద్దు. అది కీలును శాశ్వతంగా చంపేస్తుంది, ఆ ముక్క వచ్చే బొమ్మకు పనికిరాదు.

ఒక పక్కకు ఒరుగుతోంది

తిప్పితే టిక్ టిక్‌మనే కీళ్లుంటే చప్పుళ్లు లెక్కపెట్టండి. లెగోలో ఒక్కో చప్పుడుకు కీలు 22.5 డిగ్రీలు తిరుగుతుంది. కుడి మోకాలు రెండు, ఎడమ మోకాలు మూడు ఉంటే ఒరగక ఏం చేస్తుంది? రెండు కాళ్లనూ పూర్తిగా చాపి, అక్కడినుంచి సమానంగా లెక్కపెట్టి మడవండి.

రెండు కాళ్ల మీద నిలిచే బొమ్మలకు తోక అలంకారం కాదు, తలకు ఎదురు బరువు. తోకను అందంగా పైకి వంచితే ఆ బరువు ఒంటికి దగ్గరవుతుంది, బొమ్మ ముందుకు తూలుతుంది. వెనక్కి చాపండి. చిన్నపిల్లలకు కొనేవాళ్లకు నా సలహా, నాలుగు కాళ్ల బొమ్మ తీసుకోండి. రెండు కాళ్లది ఫొటోలో బాగుంటుంది, ఆటలో విసిగిస్తుంది.

చేతులు, రెక్కలు వేలాడుతున్నాయి

ఇక్కడ కీలు బంతి, గుంత రకం. 2014లో లెగో నుంచి మిక్సెల్స్ అనే బుల్లి రాక్షసుల సెట్లు వచ్చినప్పటినుంచి చిన్న బంతుల కీళ్లు బాగా వాడుకలోకి వచ్చాయి. బంతి గుంతలో ఆగేది రాపిడి వల్లే. దానికి మధ్య నూనె చేరితే ఇంకేముంది? తలకు కొబ్బరినూనె రాసుకున్న చేతులు, మిక్చర్ తిన్న చేతులు, రెండూ కారణాలే. కీలు విప్పి బంతిని తెల్లని టిష్యూతో తుడవండి, మరక చూస్తే మీకే అర్థమవుతుంది.

గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా గిన్నెల సబ్బు వేసి కడగండి. నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు, కాబట్టి గీజర్ నీళ్లు నేరుగా పట్టొద్దు. మన హైదరాబాద్‌లో ఇంకో చిక్కు ఉంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో కడిగి ఆరబెట్టాక ముక్కల మీద తెల్లటి ఉప్పు పొర మిగులుతుంది. గుంతలో ఆ పొర ఉంటే కీలు కరకరలాడుతుంది, కొన్నిసార్లు పట్టేస్తుంది. ఆఖరిసారి ఫిల్టర్ నీళ్లతో తొలిపి, పాత తువ్వాలు మీద నీడలో ఆరబెట్టండి. మిద్దె మీద ఎండలో వద్దు.

కడిగినా జారుతుంటే ఆ కీలు మీద బరువు ఎక్కువైంది. రెక్క చివర పిల్లలు తగిలించిన అదనపు ముక్కలు తీసేయండి.

కొన్ని ముక్కలు ఊడతాయి, కొన్ని ఊడి రావు

రెండు మూడు కంపెనీల ముక్కలు కలిసిపోయాయి. బేగంబజార్‌లో తెచ్చిన లూజు ప్యాకెట్టూ పాత సెట్టూ ఒకే డబ్బాలో పడితే జరిగేది ఇదే. బొడిపె వ్యాసంలో కంటికి కనబడని తేడా చాలు, పట్టు మారిపోతుంది. వేర్వేరు కంపెనీల ముక్కలు కలపొద్దని నేను అనను. కాళ్లలో, నడుములో మాత్రం ఒకే కంపెనీవి ఉండాలి. మిగిలినవి వీపు మీద ముళ్లకీ, కింద బండరాళ్లకీ వాడుకోండి. కొనేటప్పుడు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి.

అరుదుగా వచ్చేవి

ముక్క చీలిందా? పాత సెట్లలో ముదురు గోధుమ, ముదురు ఎరుపు ముక్కలకు ఆ జబ్బు ఉంది. 2012 నాటి లెగో మాన్‌స్టర్ ఫైటర్స్ లాంటి సెట్లు సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ రంగుల క్లిప్పుల్ని మెల్లగా విప్పండి. చీలినదానికి మందు లేదు, వేరే ముక్క పెట్టుకోవాలి.

దయ్యం చీకట్లో మెరవట్లేదా? ముందు దానికి వెలుతురు కావాలి. ట్యూబులైటు దగ్గర కాసేపు ఉంచి, అప్పుడు లైటు ఆర్పండి.

ముక్క వంకర పోయిందా? మే నెలలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసి ఉంటారు, దాన్ని మార్చేయడమే.

పెట్టెలో ముక్క రాలేదా? ఖాళీ సంచుల మూలలు వేలితో తడమండి. సన్నని ముక్కలు అక్కడే అతుక్కుని ఉంటాయి. తర్వాత మంచం కింద ఊడ్చండి. అప్పటికీ దొరక్కపోతేనే కంపెనీకి రాయండి.