నడుము ఆపరేషన్ తర్వాత కూడా నొప్పి వదలకపోతే: వెన్నుపాము స్టిమ్యులేటర్ ఎలా పెట్టించుకోవాలి?

నడుముకు ఆపరేషన్ అయినా కాల్లోకి మంట, జివ్వుమనే లాగుడు పోని వాళ్లకు, షుగర్ వల్ల పాదాలు భగభగ మండేవాళ్లకు మందులు, ఫిజియోథెరపీ పనిచేయనప్పుడు డాక్టర్లు సూచించే పరికరం ఇది. వెన్నుపాము పొరకు బయట సన్నటి తీగలు ఉంచి, చర్మం కింద అమర్చిన బ్యాటరీ నుంచి కొద్దిపాటి కరెంటు పంపుతారు. 1967లో అమెరికాలో డాక్టర్ నార్మన్ షీలీ మొదటిసారి దీన్ని అమర్చారు. అసలు జబ్బును ఇది నయం చేయదు, నొప్పిని తగ్గిస్తుందంతే.

ముందు, మీ నొప్పి దీనికి లొంగేదేనా?

నరాల నొప్పికే ఇది బాగా పనిచేస్తుంది. మోకాళ్ల అరుగుదలకు పెట్టించుకునేది కాదు. పాత ఎంఆర్‌ఐలు, డిశ్చార్జ్ సమ్మరీ, వాడిన మందుల చీటీలు తీసుకుని పెయిన్ స్పెషలిస్టునో న్యూరోసర్జన్‌నో కలవండి. నరం ఇంకా ఎక్కడైనా నొక్కుకుపోయి ఉందా అని అడగండి. ఉంటే ముందు దాని సంగతే చూడాలి.

సైకాలజిస్టు దగ్గరికీ పంపుతారు. ‘నా నొప్పి ఉత్తుత్తిదనా?’ అని నొచ్చుకోకండి. దిగులు, నిద్రలేమి ముదిరి ఉంటే పరికరం పెట్టినా ఫలితం తగ్గుతుంది, అందుకే ఆ పరీక్ష.

తయారీ

షుగర్ అదుపులోకి రావాలి, సిగరెట్ మానాలి. ఒంటి మీద సెగ్గడ్డ, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉంటే వాయిదా వేస్తారు. రక్తం పలచబడే మందులు సొంతంగా ఆపొద్దు, గుండె డాక్టర్ చెప్పిన ప్రకారమే ఆపాలి. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ట్రయల్‌కు (పరికరం అమర్చేముందు కొన్నాళ్లు తీగలు పెట్టి చూసే పరీక్షకు) ఎంత, పరికరానికి ఎంత, రేపు బ్యాటరీ మార్చాల్సివస్తే ఎంత అన్నది విడివిడిగా రాయించుకోండి. ఇన్సూరెన్స్ అనుమతి కూడా కాగితం మీద చేతికొచ్చాకే ముందుకెళ్లండి.

ట్రయల్: తేలేది ఇక్కడే

బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది వేసి, ఎక్స్‌రేలో చూస్తూ సూది గుండా తీగలు పంపుతారు. చాలాసార్లు మీరు మెలకువగానే ఉంటారు. కరెంటు వదిలి ‘ఎక్కడ తెలుస్తోంది?’ అని అడుగుతారు. నొప్పి ఉన్నచోటే చీమలు పాకినట్టు తెలిస్తే తీగ సరైన చోట ఉన్నట్టు. కొన్ని కొత్త రకాల్లో ఆ తిమ్మిరి అసలు తెలియదు.

బ్యాటరీ పెట్టె నడుముకు బయటే ఉంటుంది. సుమారు వారం పాటు దాంతో ఇంట్లో గడపాలి. స్నానం ఉండదు, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడమే.

ట్రయల్‌కు ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి: పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడగలను, ఎంత దూరం నడవగలను, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాను, రోజుకి ఎన్ని బిళ్లలు. ట్రయల్ రోజుల్లోనూ అవే రాయండి. కనీసం సగం నొప్పి తగ్గితేనే సాధారణంగా ముందుకెళ్తారు. ‘తగ్గినట్టే ఉందిలెండి’ అనే మాట నా లెక్కలో ‘తగ్గలేదు’ కిందే. ఖర్చు పెట్టేశామనో, పిల్లలు ఆశగా అడుగుతున్నారనో మొహమాటపడొద్దు. సూదితో పెట్టిన ట్రయల్ తీగలను కోత లేకుండానే లాగేస్తారు.

అమర్చాక

ఫలితం ఉంటే తీగలు కదలకుండా కుట్టి, పిరుదు పైభాగంలోనో పొట్ట పక్కనో చర్మం కింద బ్యాటరీ పెడతారు. తర్వాతి 6 నుంచి 8 వారాలు వంగడం, నడుము తిప్పడం, నీళ్ల బిందె ఎత్తడం బంద్. తీగ జరిగితే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. కరెంటు మోతాదు కుదరడానికి క్లినిక్‌కు కొన్నిసార్లు తిరగాలి. గాయం దగ్గర చీము, జ్వరం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. కాళ్లు ఉన్నట్టుండి చచ్చుబడినా, మూత్రం ఆగినా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

నడుము పట్టేస్తే వీధి చివర ఫిజియోథెరపీ సెంటర్లో ‘కరెంటు పెట్టించుకోవడం’ మనకు అలవాటు. అక్కడ వేడి కోసం వాడే డయాథెర్మీ ఈ పరికరం ఉన్నవాళ్లకు పూర్తిగా నిషిద్ధం, ఆఫ్ చేసి ఉన్నా సరే. తీగలు వేడెక్కి వెన్నుపాము దెబ్బతినొచ్చు. ఎంఆర్‌ఐకి వెళ్లినా, ఎయిర్‌పోర్టు తనిఖీలోనైనా పరికరం కార్డు ముందే చూపించండి.