కేపసిటబిన్ గోలీలు ఇంట్లో ఎలా వేసుకోవాలి? ఎప్పుడు ఆపాలి?

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లు. క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందు సెలైన్‌లో ఎక్కించే బదులు కేపసిటబిన్ గోలీలు రాశారంటే తిరుగుడు తప్పిందని సంబరపడతాం. కానీ అక్కడ నర్సు చూసుకునేదంతా ఇప్పుడు మనమే చూసుకోవాలి. మా అమ్మకు నేనే వేశాను, తర్వాత చుట్టాల్లో ఇద్దరికి నేర్పాను.

సాధారణంగా 14 రోజులు గోలీలు, 7 రోజులు ఖాళీ, రెండూ కలిపి ఒక సైకిల్. మీ చీటీలో ఎలా ఉంటే అలాగే. గోడ క్యాలెండర్ మీద ఖాళీ రోజులకు ఎర్రపెన్నుతో గీత పెట్టండి. ఫోన్ అలారం పనికిరాదు, మోగగానే నొక్కేస్తారు. గోలీ మింగాకే క్యాలెండర్‌లో టిక్కు పెట్టాలి.

పొద్దున, రాత్రి తిన్న అరగంటలోపు మంచినీళ్లతో మింగాలి. విరవొద్దు, నూరొద్దు. ఇచ్చేవాళ్లు గ్లౌజులు వేసుకోవాలి. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట రెండింతలు వేయొద్దు. వాంతైనా మళ్లీ వేయొద్దు. మెడికల్ షాపులో బలం గోలీలు అడిగి తెచ్చుకోవద్దు. వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటే ఈ మందు దుష్ప్రభావాలు ఎక్కువవుతాయి.

ఇక అందరూ తప్పు చేసేది ఆపడం దగ్గర. మూడో సైకిల్ పదో రోజు రాత్రి అమ్మ రెండుసార్లు విరేచనానికి లేచింది. పొద్దున అడిగితే, "ఏదో పడలేదు బిడ్డా, గోలీ తప్పితే రోగం తిరగబెడ్తది" అన్నది. నేనూ వేసేశాను. సాయంత్రానికి నాలుక అట్టలా ఎండిపోయింది, లేస్తే కళ్లు తిరిగాయి. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, రాత్రి లేచినప్పుడే ఆపాల్సింది అన్నారు.

కాబట్టి లెక్క పెట్టండి. విరేచనాలు మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి విరేచనానికి ఒక్కసారి లేచినా తర్వాతి గోలీ వేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. రోజులో ఒకటికి మించి వాంతులైనా, నోరు పుండై తినలేకపోయినా అంతే. ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఉండండి. మళ్లీ ఎప్పుడు, ఎన్ని వేయాలో వాళ్లే చెబుతారు. ఆగిన రోజుల గోలీలు తర్వాత కలిపి వేయకూడదు.

అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండితే కూడా చెప్పాలి. చల్లగా ఉంటుందని గోరింటాకు పెట్టొద్దు, ఎరుపు కనబడదు. మొదటి రోజు నుంచే పూటపూటకూ క్రీమ్ రాయండి, వేడినీళ్లతో గిన్నెలు తోమనివ్వొద్దు, వాకిట్లోకైనా మెత్తటి చెప్పులతోనే వెళ్లాలి.

జ్వరం 100.4 వచ్చిందంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు. రాత్రయినా సరే ఆస్పత్రికి బయల్దేరండి, గోలీల అట్ట, చీటీ వెంట తీసుకెళ్లండి.