మెమరీ కార్డు రీడర్ ఎంచుకోవడం ఎలా? కార్డు జేబులో వేసుకుని బయల్దేరండి

చలికాలం వచ్చిందంటే మా టి.నగర్ వీధిలో అందరికంటే ముందు లేచేది ఎదురింటి మాస్టారు. ఉద్యోగ విరమణ తర్వాత ఆయనకు పక్షుల పిచ్చి పట్టుకుంది. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు దిగాయని చెవిన పడితే చాలు, తెల్లవారుజామున నాలుగింటికే కెమెరా సంచి భుజాన వేసుకుంటారు. మొన్న జనవరిలో ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, చొక్కా జేబులోంచి తపాలా బిళ్లంత కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమోయ్, మా అమ్మాయి కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్‌లో దీన్ని పెట్టే చోటే లేదు. రీడర్ కొనుక్కోవాలట. రెండు వందలకూ ఉందంటారు, నాలుగు వేలకూ ఉందంటారు. తేడా ఏమిటో చెప్పినవాడు లేడు."

ఆ తేడా చెప్పడానికే ఇదంతా. చెప్పులు కొనడానికి ఎటూ కాళ్లతోనే వెళ్తాం కాబట్టి సరిపోయేవి తెచ్చుకుంటాం. రీడర్ కొనడానికి మాత్రం కార్డు ఇంట్లో వదిలేసి వెళ్తాం. సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

1. కార్డు మీద రాసింది చదవండి

ఆకారం తేల్చుకోవడం సులువు. మామూలు కెమెరాల్లో వాడే ఎస్‌డీ కార్డు 32 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. డ్రోన్లలో, కారు డ్యాష్‌క్యామ్‌లలో, కొన్ని ఫోన్లలో ఉండే మైక్రో ఎస్‌డీ వేలి గోరంత. ఇవి రెండూ కాక, ఖరీదైన కెమెరాల్లో సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డులు వస్తున్నాయి. వాటిలో ఎ రకం చిన్నది, బి రకం పెద్దది. ఒకదాని రీడర్ రెండోదానికి పనికిరాదు. బి రకం కార్డు, పాత ఎక్స్‌క్యూడీ కార్డు చూడటానికి ఒకేలా ఉంటాయి. అయినా బి రకం రీడర్లలో చాలావరకు ఎక్స్‌క్యూడీని చదవవు. మీ దగ్గర ఎక్స్‌క్యూడీ ఉంటే పెట్టె మీద ఆ పేరు ఉందో లేదో చూసుకుని మరీ కొనండి.

ఎస్‌డీ కార్డుల విషయంలో అసలు చూడాల్సింది ఒక చిన్న గుర్తు. సామర్థ్యం అంకె పక్కన ఎక్కడో చీమ తలకాయంత నిలువు గీత ఉంటుంది. అది కార్డు ఏ వేగపు ప్రమాణానికి చెందిందో చెప్పే రోమన్ అంకె. ఒక గీత ఉంటే యూహెచ్ఎస్-1, రెండు ఉంటే యూహెచ్ఎస్-2. కళ్లజోడు అందుబాటులో లేకపోతే కార్డును తిరగేయండి. వెనక బంగారు రంగులో మెరిసే పట్టీల వరుస ఒకటే ఉంటే మొదటి రకం, దాని కింద ఇంకో వరుస ఉంటే రెండో రకం.

యూహెచ్ఎస్-1 ప్రమాణం ప్రకారం గరిష్ఠ వేగం సెకనుకు 104 ఎంబీ. వాడుకలో 90 దరిదాపుల్లో వస్తుంది. యూహెచ్ఎస్-2లో 312 దాకా వెళ్లవచ్చు. కార్డుకు ఒకే గీత ఉంటే నాలుగు వేల రీడర్ కొన్నా అది పరుగెత్తదు. రెండు గీతల కార్డును మామూలు రీడర్‌లో పెడితే చక్కగానే చదువుతుంది కానీ ఒక గీత కార్డులాగే నడుస్తుంది. దేనికదే సరిపోవాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మాస్టారి కార్డుకు ఒకటే గీత. కానీ దాని మీద పెద్ద అక్షరాలతో 170 అని రాసి ఉంది. "మరి 104 దాటదన్నావుగా?" అని పట్టుకున్నారు. దాటదన్నది ఉమ్మడి ప్రమాణం. కొన్ని కంపెనీలు ఆ హద్దు దాటి తమ సొంత పద్ధతిలో వేగం పెంచాయి. ఆ వేగం ఆ పద్ధతి తెలిసిన రీడర్‌లోనే వస్తుంది, అది సాధారణంగా అదే కంపెనీ అమ్మే రీడర్ అయి ఉంటుంది. మిగతా రీడర్లలో అదీ 90 దగ్గరే ఆగుతుంది. అబద్ధం రాశారని అనలేం, నిజం సగమే రాశారు.

వి30, వి60, వి90 అన్న గుర్తులు కూడా కార్డు మీద ఉంటాయి. వీడియో తీసేటప్పుడు కార్డు సెకనుకు కనీసం అన్ని ఎంబీలు రాసుకోగలదని వాటి అర్థం. రీడర్ ఎంపికలో వాటిని పట్టించుకోనక్కర్లేదు.

2. ఫోటోలు ఎక్కడికి దిగాలో తేల్చుకోండి

ల్యాప్‌టాప్‌లోకా, ఫోనులోకా, రెండింటిలోకీనా? ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో టైప్-సి ద్వారం దాదాపు ఖాయం. పాతవాటిలో వెడల్పాటి టైప్-ఎ ఉంటుంది. ఒక వైపు సి, ఇంకో వైపు ఎ ఉన్న రీడర్లు దొరుకుతాయి. ఇంట్లో రెండు తరాల యంత్రాలు ఉంటే అవే మేలు.

ఐఫోన్లలో 2023లో వచ్చిన 15 నుంచి టైప్-సి ఉంది. అంతకుముందు వాటికి ఆపిల్ సొంత ప్లగ్గు లైట్నింగ్ ఉన్న రీడరే కావాలి. ఐఫోన్ 15లో మామూలు రకానికి నెమ్మదిగా నడిచే పాత యూఎస్‌బీ 2 వేగమే ఇచ్చారు, ప్రో రకానికి దానికంటే వేగమైన యూఎస్‌బీ 3 ఇచ్చారు. తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ చాలావాటిది యూఎస్‌బీ 2 వేగమే. ఫోనులోకి మాత్రమే దించుకుంటామనుకుంటే, ముందు ఫోను సంగతి కనుక్కోండి. ఫోను నెమ్మదిదైతే ఎంత మంచి రీడర్ అయినా చేయగలిగింది లేదు.

కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగుల్లోకి వెళ్లి ఓటీజీ అన్న మీట వేస్తే తప్ప రీడర్ కనిపించదు. కాసేపు వాడకపోతే ఆ మీట దానంతట అదే ఆగిపోతుంది కూడా. రీడర్ పాడైందని కొట్టువాడితో గొడవ పడటానికి ముందు అది చూసుకోండి. మందపాటి ఫోను కవరు ఉంటే ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవచ్చు, కవరు తీసి ప్రయత్నించండి.

3. ప్లగ్గు లోపలికి తొంగిచూడండి

రెండు వందల రీడర్‌కూ మంచి రీడర్‌కూ అసలు తేడా ఇక్కడే. యూఎస్‌బీ 2 రీడర్లో సెకనుకు 35 ఎంబీ వస్తే గొప్ప. 64 జీబీ కార్డు నిండుగా ఉంటే అరగంట కూర్చోవాలి. యూఎస్‌బీ 3 రీడర్‌లో అదే కార్డు 90 ఎంబీ చొప్పున 12 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. యూహెచ్ఎస్-2 కార్డు, దానికి తగ్గ రీడర్ ఉండి 250 వచ్చిందనుకోండి, నాలుగు నిమిషాల పైచిలుకు. పెళ్లి ఫోటోలు తీసేవారికి ఆ ఎనిమిది నిమిషాలు డబ్బుతో సమానం. ఆదివారం పక్షులు చూసేవారికి ఒక కాఫీతో సమానం.

పెట్టె మీద యూఎస్‌బీ 3 అని రాసినంత మాత్రాన నమ్మకండి. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో అలా రాసిన రీడర్ కొన్నాను. ప్లగ్గు లోపల నాలుక ముచ్చటైన నీలం రంగులో ఉంది. నీలం అంటే యూఎస్‌బీ 3 అని అందరికీ అలవాటు కదా, సంబరపడ్డాను. ఫోటోలు మాత్రం నత్తనడకన దిగాయి. భూతద్దం పెట్టి చూస్తే ఆ నీలం నాలుక మీద ముందువైపు నాలుగు లోహపు పట్టీలే ఉన్నాయి. టైప్-ఎ ప్లగ్గులో నిజమైన యూఎస్‌బీ 3 అయితే తొమ్మిది ఉండాలి: ముందు నాలుగు, వాటి వెనక లోతుగా ఇంకో ఐదు. రంగు ఎవరైనా వేయగలరు, పట్టీలు పెట్టడానికే డబ్బు ఖర్చవుతుంది. అప్పటినుంచి కొట్టులో ప్లగ్గును వెలుతురుకు పట్టి చూడటం నాకు అలవాటైంది. టైప్-సి ప్లగ్గులో ఇలా కంటితో తేల్చుకోవడం కష్టం, దానికి కాపీ పరీక్షే గతి.

4. ఆకారం, తోక, కన్నాల సంఖ్య

ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చే పెన్‌డ్రైవ్ లాంటి రీడర్ పక్క ద్వారాన్ని మూసేస్తుంది. చెయ్యి తగిలితే ద్వారం మీద బరువు పడుతుంది కూడా. నా ఓటు జానెడు తోక, అంటే తీగ, ఉన్నదానికే. ఫోనుకైతే తోక లేనిదే సుఖం.

ఒకే రీడర్‌లో పదిహేను రకాల కార్డులు పడతాయని ఊరించేవాటి జోలికి పోకండి. ఒక ఎస్‌డీ, ఒక మైక్రో ఎస్‌డీ చాలు. సీఎఫ్ఎక్స్‌ప్రెస్ రీడర్లు పని చేసేటప్పుడు బాగానే వేడెక్కుతాయి, వాటిలో లోహపు ఒళ్లు ఉన్నది తీసుకోండి.

5. కొట్టులో గడియారం పెట్టి చూడండి

చెన్నైలో ఇలాంటి సామాన్లకు అన్నా సాలై పక్కనున్న రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లాల్సిందే. ఆదివారం చాలా కొట్లు మూసి ఉంటాయి కాబట్టి మాస్టారూ నేనూ శనివారం వెళ్లాం. కార్డు, ల్యాప్‌టాప్ రెండూ పట్టుకెళ్లాం. మీరూ పట్టుకెళ్లండి.

బయల్దేరేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఎస్‌డీ కార్డు పేరు మీకు కనపడేలా పట్టుకుంటే ఎడమ అంచున చిన్న మీట ఉంటుంది. దాన్ని కిందికి లాగితే కార్డు మీద కొత్తగా ఏదీ రాయకూడదని, ఏదీ చెరపకూడదని రీడర్‌కు చెప్పినట్టు. కొట్టులో వాళ్ల కంప్యూటర్‌లో పెట్టాల్సి వస్తే వైరస్ ఎక్కకుండా కొంత రక్షణ. కొంత అని ఎందుకు అంటున్నానంటే, ఆ మీట కార్డు లోపల దేన్నీ తాకదు. అది ఎక్కడుందో చూసి ఆగాల్సిన బాధ్యత రీడర్‌దే. మైక్రో ఎస్‌డీకి ఆ మీట ఉండదు, దాన్ని పెట్టుకునే తొడుగుకు మాత్రం ఉంటుంది.

కొట్టు కుర్రవాడు మా మాటలు విని తెలుగులోకి మారాడు. నెల్లూరు వైపు వాళ్లట.

"సార్, ఇది తీసుకోండి, యూహెచ్ఎస్-2. టాప్ మోడల్."

"బాబూ, మా కార్డుకు ఒకటే గీత" అన్నారు మాస్టారు, వారం రోజుల విద్యార్థి గర్వంతో. కుర్రవాడు కార్డు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లి ఇంకో పెట్టె తెచ్చాడు.

సీలు వేసిన పెట్టె విప్పనంటారు, అది న్యాయమే. చూపించడానికి బయట ఉంచినది అడగండి. పరీక్షకు రెండు జీబీల దగ్గర ఉన్న ఒకే పెద్ద వీడియో కావాలి. వందలాది చిన్న ఫోటోలు ఎలాగూ నెమ్మదిగానే దిగుతాయి, వాటితో రీడర్‌ను తూచలేం. వీడియోను ల్యాప్‌టాప్ లోపలి డిస్కులోకే కాపీ చేయండి. పెన్‌డ్రైవ్‌లోకి చేస్తే మీరు కొలిచేది పెన్‌డ్రైవ్ వేగాన్ని. ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కండి. 20, 25 సెకన్లలో పూర్తయితే యూఎస్‌బీ 3. నిమిషం పడితే పెట్టె మీద ఏమి రాసి ఉన్నా అది యూఎస్‌బీ 2.

రెండో రీడర్‌ను పరీక్షించేటప్పుడు ఇంకో వీడియో వాడండి. అదే వీడియోను మళ్లీ కాపీ చేస్తే కంప్యూటర్ తన మెమరీలో దాచుకున్న ప్రతిని చప్పున ఇచ్చేయవచ్చు. అప్పుడు గెలిచింది రీడర్ కాదు.

మాస్టారి వీడియోలో ఫ్లెమింగోలు నీళ్లలో ముక్కులు ముంచి మేస్తున్నాయి. 23 సెకన్లు. సి, ఎ రెండు ప్లగ్గులూ ఉన్నది, ధర నాలుగు వేలలో నాలుగో వంతు కూడా కాలేదు. బిల్లు అడిగి తీసుకున్నాం. రిచ్చీ స్ట్రీట్‌లో బిల్లు లేకుండా వారంటీ మాట ఎత్తడం దండగ.

6. ఇంటికి వచ్చాక

కార్డులోంచి ఫోటోలను కాపీ చేయండి, కత్తిరించి అతికించవద్దు. మధ్యలో తీగ కదిలినా కార్డులో ఒక ప్రతి మిగిలి ఉంటుంది. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య సరిపోయిందో చూసి, నాలుగైదు ఫోటోలు తెరిచి చూడండి. తర్వాత కంప్యూటర్‌లో ఎజెక్ట్ నొక్కాకే కార్డు తీయండి. పాతవి చెరపడానికి కంప్యూటర్‌ను కాక కెమెరా మెనూలోని ఫార్మాట్‌ను వాడండి. తనకు కావలసిన పద్ధతిలో కార్డును సిద్ధం చేసుకోవడం కెమెరాకే బాగా తెలుసు.

ఇవన్నీ మాస్టారు శనివారం రాత్రే చేశారు, ఫార్మాట్ ఒక్కటీ పొద్దున చూసుకుందామని వదిలేసి. ఆదివారం ఆరున్నరకు నా ఫోను మోగింది. వెనక గాలి హోరు, పడవవాళ్ల కేకలు.

"ఏమోయ్, కెమెరా మొరాయిస్తోంది. ఫోటో తీయనంటోంది, చెరపనంటోంది. నీ రీడర్ నా కార్డును పాడుచేసిందయ్యా!"

"మాస్టారూ, కార్డు బయటికి తీయండి. ఎడమ అంచున మీట ఎక్కడుంది?"

కాసేపు గాలి చప్పుడే వినిపించింది.

"కిందికి ఉంది."

"పైకి తోయండి."