పాత అంబాసిడర్ కొనే ముందు టైమింగ్ ఇలా చూసుకోండి

టైమింగ్ అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలన్నది. 1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్ చూడ్డానికి వెళ్తుంటే, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి. అయినా సరే వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉందంటే, చల్లటి ఇంజిన్ మీద ఏదో తేడా ఉందని అమ్మేవాడికి తెలిసి ఉండొచ్చు.

ఇరవై నిమిషాలు తిప్పి, ఆపి, వెంటనే మళ్లీ సెల్ఫ్ కొట్టండి. ఇంజిన్ ఎదురు తన్నినట్టు సెల్ఫ్ ఆగి ఆగి తిరిగితే టైమింగ్ ఎర్లీగా (రవ్వ ముందే పడేలా) ఉన్నట్టు అనుమానించాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ తొక్కితే స్టీలు డబ్బాలో శనగలు పోసి ఊపినట్టు చప్పుడొస్తుంది చూడండి, అదే నాకింగ్, అది కూడా ఎర్లీకి గుర్తే (లోపల కార్బన్ పేరుకున్నా వస్తుంది, తొందరపడి తీర్పు చెప్పేయకండి). లేట్‌గా ఉంటే పికప్ ఉండదు, ఇంజిన్ ఊరికే వేడెక్కుతుంది.

ఎర్లీ అయినా లేటయినా డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంపే భాగం) తిప్పి సరిచేయడం ఐదు నిమిషాల పని. సెట్ చేసింది నిలబడకపోతేనే ఖర్చు. నేను కొన్నప్పుడు "కొంచెం తిప్పితే చాలు సార్" అన్నారు, తిప్పాం, రెండు వారాలకి మళ్లీ మొదటికొచ్చింది. తీరా చూస్తే డిస్ట్రిబ్యూటర్ లోపల షాఫ్ట్‌ని పట్టి ఉంచే బుష్ అరిగిపోయి ఉంది.

అందుకే ఇంజిన్ ఆపి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీయించండి. షాఫ్ట్ తల మీద తిరిగే ముక్కని, అంటే రోటర్‌ని, వేలితో పక్కలకి ఊపండి. రవ్వ పుట్టించడానికి తెరుచుకుని మూసుకునే పాయింట్ల మధ్య ఉండాల్సిన సందే దాదాపు 0.4 మిల్లీమీటర్లు, షాఫ్ట్ ఊగుతుంటే ఆ సందు ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా మారుతుంది, ఇంక టైమింగ్ ఎక్కడ నిలుస్తుంది? తర్వాత రోటర్‌ని అది తిరిగే వైపే కొద్దిగా తిప్పి వదలండి, టక్కున వెనక్కి రావాలి. కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వాక్యూమ్ పైపుని కార్బురేటర్ దగ్గర ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూయండి. పాయింట్ల ప్లేటు కదిలి అక్కడే ఆగితే మంచిది. గాలి ఊరికే వచ్చేస్తుంటే ఆ ప్లేటుని లాగే లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగింది.

క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే టైమింగ్ చైన్ సంగతి కూడా క్యాప్ తీసి ఉండగానే తేల్చుకోవచ్చు. చదునైన చోట ప్లగ్గులు తీసి, టాప్ గేర్‌లో వేసి, బండిని కాస్త ముందుకి, మళ్లీ కాస్త వెనక్కి నెట్టించండి. ఇంజిన్ ముందున్న పుల్లీ తిరుగుతున్నా రోటర్ కదలకుండా చాలాసేపు ఉండిపోతే చైనో, డిస్ట్రిబ్యూటర్ని తిప్పే గేరో అరిగినట్టే. కొంచెం లూజు అన్నిటికీ ఉంటుంది.

టైమింగ్ లైట్ (రవ్వ పడ్డప్పుడల్లా మెరిసే లైటు) దొరికితే రేడియేటర్ వైపున్న ఒకటో ప్లగ్గు వైరుకి తగిలించి, పుల్లీ మీది గీతకి చాక్‌పీస్ రాసి చూడండి. గీత చోటు తప్పి ఉన్నా పర్వాలేదు, ఐడ్లింగ్‌లో అటూ ఇటూ గెంతుతుంటే మాత్రం బేరం గట్టిగా తగ్గించండి, లేదా లేచి వచ్చేయండి.

డిస్ట్రిబ్యూటర్ కింది క్లాంప్ బోల్టు కూడా చూడండి. ఇంజినంతా జిడ్డు పట్టి, ఆ ఒక్క బోల్టు తలే మెరుస్తుంటే ఈమధ్యే ఎవరో స్పానర్ పెట్టారు. ఎందుకు పెట్టాల్సొచ్చిందో అడగండి.