మొక్కజొన్న స్లైడులో 20కి మించి క్రోమోజోమ్‌లు కనిపిస్తే

దాళ్వా వరి మానేసి మొక్కజొన్న వేసేవాళ్లు గోదావరి డెల్టాలో చాలామందే ఉన్నారు. అందుకే ఇక్కడి డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో ఉల్లి వేరు తర్వాత సులువుగా దొరికేది మొక్కజొన్న వేరే. దాని వేరు కణంలో ఉండాల్సిన క్రోమోజోమ్‌ల లెక్క 20. 21 కనిపించగానే బి క్రోమోజోమ్ (కొన్ని మొక్కల్లో మామూలు వాటికి అదనంగా ఉండే క్రోమోజోమ్) దొరికిందని రికార్డులో రాసేయకండి.

సమస్య: ఒక కణంలో 20, పక్కదాంట్లో 21

చాలావరకు ఇది స్లైడు మీద వేరు కొనను నొక్కేటప్పుడు జరిగిన తప్పే. కవర్‌స్లిప్ మీద బొటనవేలు జారితే పక్క కణం క్రోమోజోమ్ వచ్చి ఇందులో కలుస్తుంది. వేరు కొనల్ని 0.002 మోలార్ 8-హైడ్రాక్సీక్వినోలిన్‌లో 3-4 గంటలు ఉంచితే క్రోమోజోమ్‌లు పొట్టిగా, విడివిడిగా వస్తాయి. ఐసు నీళ్ల పద్ధతీ మంచిదే గానీ, ఏప్రిల్ ఉక్కపోతలో కరెంటు కోతలు ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఆ తర్వాత మూడు పాళ్లు ఆల్కహాల్, ఒక పాలు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం అప్పటికప్పుడు కలిపి, అందులో ఒక రోజు ఉంచండి.

సమస్య: ప్రతి కణంలోనూ 21

మామూలు క్రోమోజోమే ఒకటి ఎక్కువై ఉండొచ్చు, లేదా అది బి కావచ్చు. బి చిన్నది, సెంట్రోమియర్ (విభజనప్పుడు కండె పోగులు అంటుకునే చోటు) దాదాపు కొసన ఉంటుంది. అనుమానం తీరాలంటే మగపూత బయటికి రాకముందే పరాగకోశాలు తీసి క్షయకరణ విభజన చూడండి. బి మామూలు క్రోమోజోమ్‌లతో జతకట్టదు. షాపులో కొన్న హైబ్రిడ్ ప్యాకెట్లలో బి అరుదు, పాత నాటు రకాల్లోనే ఎక్కువ.

సమస్య: బి కోసం వేసిన ప్రోబ్ అన్ని క్రోమోజోమ్‌ల మీదా వెలుగుతోంది

ప్రోబ్ అంటే తనకు సరిపోయే డీఎన్‌ఏ వరుస ఉన్నచోట అంటుకుని మెరిసే డీఎన్‌ఏ ముక్క. ఇక్కడే అందరికీ టెన్షన్. వాషింగ్ సరిగా జరగలేదని మళ్లీ మళ్లీ కడుగుతారు. తప్పు కడగడంలో లేదు, ప్రోబ్‌కి ఎంచుకున్న డీఎన్‌ఏ వరుసలో ఉంది. బి మీద ఉండే పునరావృత డీఎన్‌ఏలో చాలా భాగం మామూలు క్రోమోజోమ్‌ల మీదా ఉంటుంది. సెంట్‌సి అనే 156 బేస్‌ల వరుస అన్ని సెంట్రోమియర్ల దగ్గరా కనిపిస్తుంది. 180 బేస్‌ల నాబ్ (క్రోమోజోమ్ మీద బొడిపెలా కనిపించే చోటు) వరుసా అంతే, బి మీదా మామూలు వాటి మీదా ఉంటుంది. బికి మాత్రమే చెందిన జెడ్‌ఎంబీఎస్ వరుసతో ప్రోబ్ చేయించుకోండి. అది ప్రధానంగా బి సెంట్రోమియర్ దగ్గర మెరుస్తుంది, పొడవు చేయి కొసన కూడా కాస్త మసకగా కనిపిస్తుంది. ఆ రెండు చుక్కల్ని చూసి రెండు బిలు అనుకోవద్దు. రై (గోధుమ లాంటి ధాన్యం) మొక్కలో ఇదే పనికి ఇ3900, డి1100 వరుసలు వాడతారు.

సమస్య: గింజలో బి ఉందని పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను పెంచి గుర్తించే పరీక్ష) చెప్పింది, మొలకలో లేదు

పుప్పొడిలో రెండో సమవిభజనప్పుడు బి జంట విడిపోకుండా ఒకే శుక్రకణంలోకి పోతుంది, రెండోదానికి ఏమీ దక్కదు. బి ఉన్నది ఎక్కువసార్లు అండాన్నే చేరుతుంది గానీ, ఎప్పుడూ కాదు. అండాన్ని చేరని శుక్రకణం అంకురచ్ఛదంలోకి (గింజలో పిండానికి ఆహారం దాచే భాగం) పోతుంది. అందుకే అంకురచ్ఛదం లెక్క, పిండం లెక్క వేరవుతాయి. గింజ పొడి నుంచి డీఎన్‌ఏ తీయొద్దు. మొలిచాక ఒక్కో మొక్క ఆకు నుంచి విడిగా తీయండి.

సమస్య: పొట్టి రీడ్‌లతో (యంత్రం చదివిచ్చే డీఎన్‌ఏ ముక్కలు) కూర్చిన బి వరుస మరీ చిన్నగా వచ్చింది

పునరావృత డీఎన్‌ఏలోని ఒకేలాంటి కాపీలన్నీ కూర్పులో ఒకదాని మీద ఒకటి పడి కుదించుకుపోయాయి. పొడవు రీడ్‌లు తీయించి, 2021లో వెలువడిన మొక్కజొన్న బి వరుసతో పోల్చి చూడండి.