ఐపీ పిటిషన్ వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

‘ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా పిటిషన్) పెట్టాడు’ అనే మాట మన ఊళ్లలో నిందలా వినిపిస్తుంది కాని, అప్పు తీర్చలేని మనిషికి చట్టమే చూపిన దారి అది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వ్యక్తుల దివాలాకు సాధారణంగా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే వర్తిస్తుంది. కంపెనీల దివాలాకు 2016 నాటి దివాలా కోడ్ (ఐబీసీ) ఉంది. అందువల్ల మీ జిల్లా సివిల్ కోర్టులో ఐపీ పిటిషన్లు నడిపిన న్యాయవాదినే వెతకండి. కంపెనీ అప్పుకు హామీ సంతకం చేసి ఉంటే ఆ సంగతి మొదటే చెప్పండి, ఎందుకంటే ఆ దారి వేరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆస్తి విషయం. భయంతో ఇల్లు భార్య పేరనో, పొలం బావమరిది పేరనో రాయించకండి. పిటిషన్‌కు ముందు రెండేళ్లలోపు ప్రతిఫలం లేకుండా చేసిన బదిలీని కోర్టు రద్దు చేయగలదు, మూడు నెలలలోపు ఒక్క రుణదాతకే పక్షపాతంగా చేసిన చెల్లింపూ నిలవదు. ఆస్తినో, ఖాతా పుస్తకాలనో దాచిపెడితే జైలుశిక్ష కూడా పడవచ్చు. నోటు రాయకుండా తీసుకున్న చేబదులుతో సహా ప్రతి అప్పునూ, రుణదాత చిరునామాతో జాబితాలో రాయండి.

తాకట్టు పెట్టిన ఆస్తిపై బ్యాంకు హక్కు ఐపీతో పోదు. మోసంతో చేసిన అప్పు, ప్రభుత్వ బకాయి కూడా విడుదల ఉత్తర్వుతో (అప్పుల నుంచి విముక్తి ఇస్తూ కోర్టు జారీ చేసేది) రద్దు కావు. వంటపాత్రలు, చేతివృత్తి పనిముట్లు మాత్రం జప్తుకు అతీతం.

ఖాళీ కాగితాలపై సంతకం చేయకండి, ఫీజుకు రసీదు అడగండి. ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత సహాయం పొందే అర్హత ఉంది.