కడుపులో ఉన్నది ఎవరో తెలుసుకోవాలనుకునే వారికి: స్కానింగ్‌కు వెళ్లే ముందు

నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా స్కానింగ్ గది నుంచి బయటకు వచ్చిన కోడలిని అత్తగారు గొంతు తగ్గించి అడిగే మాట ఒకటే: "ఏమన్నరు బిడ్డా, పిల్లగాడా, ఆడపిల్లనా?" మన దేశంలో ఈ ప్రశ్నకు చట్టం అనుమతించే సమాధానం కాన్పు అయ్యాకే దొరుకుతుంది. కాబట్టి అంతకుముందే తెలుసుకునే ఉపాయాల జోలికి పోకుండా, ఆ స్కానింగ్‌ను దేనికి వాడుకోవాలో, ఇంట్లో ఒత్తిడి వస్తే ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చి, 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. బిడ్డ ఆడో మగో మాటతో గానీ, సైగతో గానీ, మరే విధంగా గానీ తెలియజేయకూడదని అందులో స్పష్టంగా ఉంది. సంకేతంగా మిఠాయి పేరు చెప్పినా, వేలు చూపినా నేరమే. చెప్పిన వైద్యునికి మూడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అడిగినవారిని చట్టం వదిలిపెడుతుందనుకోవడం పొరపాటు: పరీక్ష కోసం తీసుకువెళ్లిన భర్తకు, బంధువులకు మూడేళ్ల వరకు జైలుతో పాటు యాభై వేల వరకు జరిమానా ఉంటుంది. గర్భిణి విషయంలో మాత్రం, వేరే రుజువు లేనంత వరకు, భర్తో బంధువులో బలవంతపెట్టారనే న్యాయస్థానం భావిస్తుంది. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే సగం మాటలు అక్కడే ఆగిపోతాయని నా అభిప్రాయం.

స్కానింగ్ కేంద్రంలో అడుగుపెట్టగానే గోడ వైపు చూడండి. రిజిస్ట్రేషన్ పత్రం, లింగ నిర్ధారణ చేయబోమని తెలుగులో రాసిన బోర్డు కనబడాలి. తరువాత ఫారం ఎఫ్ నింపుతారు. అందులో ఇప్పటికే ఉన్న పిల్లలు ఎంతమంది, వారిలో ఆడవారెవరు, మగవారెవరు అని కూడా అడుగుతారు. ఇద్దరు ఆడపిల్లలున్న తల్లి దీనికి బెదరనక్కరలేదు, అది అందరినీ అడిగేదే. బిడ్డ లింగం తెలుసుకోవాలని తాను కోరుకోవడం లేదని గర్భిణి, తాను చెప్పలేదని వైద్యుడు ఆ ఫారంలోనే సంతకం చేస్తారు. చదవడం రాకపోతే చదివించుకుని, ఆ తరువాతే వేలిముద్ర వేయండి.

స్కానింగ్‌లలో మొదటిది నెల తప్పిన కొద్ది వారాలకే చేస్తారు. నెలలు సరిగ్గా లెక్కకట్టడానికి, గర్భం గర్భసంచిలోనే ఉందా అని చూడటానికి అది అవసరం. 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనుక నీటి పొర మందం చూసే స్కాన్ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది బిడ్డ అవయవాలన్నిటినీ వివరంగా చూసే టిఫా స్కాన్, దానిని 18 నుంచి 20 వారాల మధ్య చేయించుకోవడం మంచిది. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి వచ్చే గర్భిణులు ప్రయాణ ఖర్చుకో, పత్తి ఏరే పనికో వెనుకాడి ఏడో నెలలో వస్తే, గుండెలోనో వెన్నెముకలోనో లోపం కనబడినా నిర్ణయం తీసుకునే సాధారణ గడువు దాటిపోయి ఉంటుంది. చట్టప్రకారం గర్భస్రావానికి సాధారణ పరిమితి 20 వారాలు, కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో 24 వారాలు; ఆ తరువాత, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని వైద్య బోర్డు నిర్ధారిస్తే అనుమతి ఉంటుంది. ఆడపిల్ల అన్నది అందులో ఎక్కడా కారణం కాదు. వైద్యురాలిని అడగవలసినవి ఇవి: మాయ ఎక్కడ ఉంది, ఉమ్మనీరు సరిపడా ఉందా, బిడ్డ ఎదుగుదల వారాలకు తగినట్లు ఉందా.

పొట్ట ఆకారం, పులుపు మీద కోరిక, బిడ్డ గుండె నిమిషానికి 140 సార్లు దాటి కొట్టుకోవడం, వీటిలో ఏదైనా ఆడో మగో చెబుతుందనడానికి ఆధారం లేదు. లింగాన్ని నిర్ణయించేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై క్రోమోజోమ్. కోడలిని నిందించే ఇంట్లో ఈ సంగతిని ఏఎన్‌ఎం చేతనో, ఆశా కార్యకర్త చేతనో చెప్పిస్తే మాట చెల్లుతుంది.

అమెరికాలో ఉన్న కూతురికి పదో వారం దాటాక రక్తపరీక్షతోనే చెప్పేశారని విని ఇక్కడా అడిగేవారున్నారు. అక్కడ అది చట్టసమ్మతం, ఇక్కడ అదే పరీక్షను జన్యులోపాల కోసం చేసినా లింగం చెప్పరు.

ఇంట్లో బలవంతం జరుగుతుంటే మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయవచ్చు. ఏదైనా కేంద్రంలో డబ్బు తీసుకుని చెబుతున్నారని తెలిస్తే, కేంద్రం పేరు, తేదీ, ఎవరు ఏమన్నారో రాసి జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. చర్య లేకపోతే, ఫిర్యాదు గురించి, కోర్టుకు వెళ్లే ఉద్దేశం గురించి ఆ అధికారికి కనీసం పదిహేను రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, ఆ గడువు తరువాత సామాన్య పౌరుడు కూడా నేరుగా మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవచ్చు.